పన్నెండంగుళాల శంకువు, అంగారకుడి పొద్దు

ఓరుగల్లు దగ్గరి హసన్‌పర్తిలో మిట్టమధ్యాహ్నం ఎప్పుడవుతుంది? నేలలో నిటారుగా పాతిన కొయ్యను అడిగితే నవంబరు మొదట్లో 11.56కే అయిపోయిందంటుంది. ఫిబ్రవరి రెండో వారంలో 12.26 దాకా ఆగమంటుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి ఈ ఊరు దాదాపు 3 డిగ్రీలు పడమర కాబట్టి ఏడాది పొడుగునా 12 నిమిషాల ఆలస్యం మామూలే. ఆపైన కనిపించే అరగంట ఊగిసలాట మాత్రం పొద్దుదే.

ఆ ఊగిసలాటను పట్టే పనిముట్టు శంకువు, అంటే నిటారుగా నిలిపిన ఆ కొయ్యే. పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం చెప్పిన పద్ధతి తేలికైనదే. నీటితో మట్టం చూసిన రాతి మీదో గచ్చు మీదో వృత్తం గీసి, నడుమ 12 అంగుళాల శంకువు నిలపాలి. పొద్దున నీడ కొస వృత్తంలోకి వచ్చేచోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక బయటికి పోయేచోట మరో గుర్తు పెట్టాలి. రెండింటినీ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. దానికి అడ్డంగా శంకువు మీదుగా గీసిన ఉత్తర దక్షిణ గీత మీదికి నీడ చేరినప్పుడే అసలైన మధ్యాహ్నం.

రాత్రీ పగలూ సమానమైన రోజున పడే మధ్యాహ్నపు నీడను పలభ అంటారు. ఊరి అక్షాంశాన్ని చెప్పే కొలత అది. 18 డిగ్రీల ఉత్తరాన ఉన్న హసన్‌పర్తికి పలభ సుమారు 3.9 అంగుళాలు. డిసెంబరు చివరి వారానికి మధ్యాహ్నపు నీడ 10.6 అంగుళాలకు సాగుతుంది. మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖరున ఇంకోసారి శంకువు మొదట్లోనే మాయమవుతుంది.

ఓరుగల్లును కాకతి రుద్రదేవుడు ఏలుతున్న రోజుల్లోనే, 1178లో, మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి వ్యాఖ్య రాశాడు. సంస్కృతానికి ముందే తెలుగులోనూ రాసిన పండితుడాయన. గ్రహగణితంలో ఇలాంటి పండితులు చేసే సవరణల్లో రెండు పొద్దు ఊగిసలాటకు సంబంధించినవి. సూర్యుడి నడక ఏడాదంతా ఒకే వేగంతో ఉండదు కాబట్టి భుజాంతరం. ఆ నడకదారి విషువద్వృత్తానికి, అంటే ఆకాశంలోని భూమధ్యరేఖకు, ఏటవాలుగా ఉంది కాబట్టి ఉదయాంతరం. ఈ రెండోదాన్ని 11వ శతాబ్దంలో శ్రీపతి చేర్చాడు.

రోజూ ఒకే వేళకు ఆకాశంలో సూర్యుడి చోటు గుర్తిస్తూ పోతే ఏడాదికి ఏర్పడే ఎనిమిది అంకెకు, అంటే అనలెమ్మాకు, కారణాలు ఆ రెండే. భూమి మీద వాలు వల్ల వచ్చే తేడా గరిష్ఠంగా 10 నిమిషాలు, వేగం వల్ల వచ్చేది 8 నిమిషాలు. దాదాపు సమఉజ్జీలు కనుకే ఎనిమిది.

అంగారకుడి వాలు 25 డిగ్రీలు, మనకంటే కొంచెమే ఎక్కువ. కక్ష్య మాత్రం బాగా సాగిన దీర్ఘవృత్తం. అక్కడ వేగానిదే పైచేయి కావడంతో ఎనిమిది పోయి నీటిబొట్టు ఆకారం వస్తుంది. నీడకూ గడియారానికీ తేడా 50 నిమిషాల దాకా పోతుంది. 3 డిగ్రీలే వాలిన గురుగ్రహం మీద అనలెమ్మా సన్నని కోడిగుడ్డులాంటి గీత. బుధుడి మీద ఒక పగలూ రాత్రీ గడిచేసరికి దాని ఏళ్లు రెండు పూర్తవుతాయి; రోజుకో చుక్క పెట్టే పనే ఉండదు. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు కెమెరా రంగులు సరిచూసే పలకతోపాటు ఓ చిన్న శంకువునూ మోసుకెళ్లాయి.

హసన్‌పర్తి డాబా మీద ఎనిమిదిని చూడటానికి రోవర్ అక్కర్లేదు. కదలని కొయ్య ఒకటి, కాస్త రంగు చాలు. ప్రతి ఆదివారం సరిగ్గా 12.12కు నీడ కొసన చుక్క పెడుతూ పోవాలి. ఏప్రిల్ మధ్యలో పెట్టిన చుక్క పక్కకే ఆగస్టు ఆఖరి చుక్క వచ్చి చేరుతుంది. ఎనిమిదిలో ముడి పడేది అక్కడే.