కర్త లేని వాక్యాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ రెండు పేజీలు. సాహిత్యం చదువుకున్న అలవాటు కొద్దీ దాన్నీ ఒక రచనలాగే చదివాను. ఇంగ్లీషు క్రియలన్నీ కర్మణి ప్రయోగాలే. పేగుకి అంటుకున్న గర్భసంచి విడదీయబడింది, ఎడమ అండాశయంలోని చాక్లెట్ సిస్టు తీసివేయబడింది, పొత్తికడుపు పొర మీది మచ్చలు కోసివేయబడ్డాయి. ఎండోమెట్రియోసిస్, 4వ దశ. పద్నాలుగేళ్ల నొప్పికి దక్కింది 'డిస్మెనోరియా' అనే ఒక్క మాట. దశలు కట్టేది మచ్చల్నీ అతుకుల్నీ బట్టి, నొప్పికి మార్కుల్లేవు. 1వ దశలో ఉన్నామె నాకంటే ఎక్కువ విలవిల్లాడుతుండొచ్చు.

మరి ఆ నొప్పిని ఎవరు రాశారు? 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన ఒంటి గురించి తెలుగులో అడగడం నేర్పింది. ఓల్గా 'రాజకీయ కథలు' అవయవాల మీద నడిచే పెత్తనాన్ని చూపించాయి. పురుడు, అబార్షన్ కవిత్వంలోకి వచ్చాయి. నెలనెలా వచ్చే నొప్పి రోగం కావచ్చునన్న ఊహ మాత్రం నేను చదివిన కథల్లో కనబడలేదు. "అందరికీ ఉండేదేగా" అన్న అమ్మమాట మన రచయిత్రుల్నీ ఆపిందేమో.

ఇంగ్లీషులో హిలరీ మాంటెల్ రాశారు. బోట్స్‌వానాలో ఉండగా వైద్యపుస్తకం తిరగేసి తన జబ్బు తనే కనిపెట్టుకున్న మనిషి. 1979లో, 27 ఏళ్లకే, లండన్‌లో గర్భసంచీ అండాశయాలూ పోయాయి, జబ్బు తిరిగొచ్చింది. 2003 నాటి 'గివింగ్ అప్ ది గోస్ట్'లో పుట్టని బిడ్డ దయ్యంలా వెంటాడుతుంది. గొప్ప పుస్తకమే. అయినా దాన్ని అనువదించుకుంటే మన కథ రాదు. ఆమెకు గర్భసంచి పోవడం తీరని లోటు. మన దగ్గర అది పని తెమిలిపోవడం! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9.

ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చిన పక్కమంచం ఆమె అందులో ఒకరు. "సంచి ఎప్పుడో తీసేసిండ్రు, నొప్పి పోలే" అంది. సంచి బయట పేరుకున్న మచ్చల్ని వదిలేస్తే నొప్పి ఉండిపోవచ్చని ఆమెకెవరూ చెప్పలేదు.

"నీ సంచి ఉంచిండ్రా చెల్లె? మరి మూడు గంటలు ఏం చేసిండ్రు?"

పొర, మచ్చలు, అతుకులు అంటూ చెప్పుకొచ్చాను. శ్రద్ధగా విని జబ్బు పేరడిగింది. చెప్పాను.

"తెలుగుల ఏమంటరు?"