పదకొండో పేరు

పోయిన ఎండాకాలం ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, మన కరీంనగర్, ఆదిలాబాద్ కవులల్ల నుంచి ఆల్‌టైమ్ ఎలెవన్ ఒకటి రాసియ్యి. బ్యాటింగ్ ఆర్డర్‌తోని. ప్రత్యేక సంచికల మస్తుంటది." ఆ సంచిక చదివేది మహా అయితే మూడొందల మంది. అయినా వెంటనే ఒప్పుకున్నాను. ఆరో తరగతిలో నా లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల నిండా ఇలాంటి జట్లే ఉండేవి. గవాస్కర్‌కి తోడుగా టెండూల్కర్‌ని ఓపెనింగ్ పంపాలా వద్దా అనే గొడవలో పక్క బెంచీ వాడితో వారం రోజులు మాటలు బందయినయి కూడా.

మొదటి పేర్లు సులువుగా పడ్డాయి. ఓపెనర్‌గా జినవల్లభుడు. గంగాధర మండలం కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో ఆయన చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయ్య కంటే వందేళ్ల ముందే క్రీజులోకి వచ్చినవాణ్ణి కాదని ఇంకెవర్ని పంపుతాం? రెండో ఎండ్‌లో ధర్మపురి శేషప్ప. నరసింహ శతకం ఎన్ని తరాలుగా నాటౌటో మీకు తెలుసు. వన్‌డౌన్ సినారె. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్‌ని ఏడో నంబర్లో పెట్టాను, నాలుగు లైన్లలో మ్యాచ్ తిప్పేవాడు అక్కడే ఉండాలి. ఆదిలాబాద్ నుంచి సామల సదాశివ, చెన్నూరులో స్థిరపడ్డ వానమామలై వరదాచార్యులు. సదాశివను ముందు కవిగా తలచుకుంటారా, హిందుస్తానీ సంగీతం మీద ఆ వ్యాసాలు రాసిన వచనకారుడిగానా అని ఎవరన్నా అడిగితే ఆల్‌రౌండర్ అని చెప్పి తప్పించుకుందామనుకున్నాను.

అట్లా పదిమంది కుదిరారు. పదకొండో పేరు దగ్గర పెన్ను ఆగింది. మూడు నెలలు ఆగింది.

ఆ మధ్యలో, ఈ జాబితాల పిచ్చి ఇంకెవరికి ఉండేదో చూద్దామని చదవడం మొదలుపెడితే అమెరికా బేస్‌బాల్ దగ్గర తేలాను. ఆ ఆట నాకు పెద్దగా తెలియదు, సినిమాల్లో చూసిందే. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి క్రీడా విలేఖరులు ఏటా కాగితం మీద దేశంలోకెల్లా మేటి జట్లు కట్టేవాళ్లు. ఆ జట్టు ఎక్కడా ఆడదు. ఒక్క బంతి వెయ్యదు, గెలవదు, ఓడదు. కాబట్టి దాన్ని క్రీడావార్త కింద కంటే కల్పన కింద చదవడమే న్యాయం అనిపించింది నాకు. ఎవరి పేరు రాశారన్నది ఎంతో, రాసినవాడు ఏ ఊళ్లో కూర్చుని ఎవరి ఆట చూసి రాశాడన్నదీ అంతే.

కాగితం మీది జట్టు మైదానంలోకి దిగింది ఒక చావు వల్ల. క్లీవ్‌లాండ్ పిచర్ ఆడీ జాస్ 1911 ఏప్రిల్‌లో 31 ఏళ్లకే మెదడు పొరల వాపు జబ్బుతో పోయాడు. ఆయన కుటుంబం కోసం జులై 24న మిగతా జట్లలోని మేటి ఆటగాళ్లంతా కలిసి క్లీవ్‌లాండ్‌తో ఒక మ్యాచ్ ఆడారు. టై కాబ్, వాల్టర్ జాన్సన్, ట్రిస్ స్పీకర్ లాంటివాళ్లు. కాబ్ ఆ రోజు తన జట్టు బట్టలు లేక క్లీవ్‌లాండ్ చొక్కా వేసుకుని క్లీవ్‌లాండ్ మీదే ఆడాడు. దాదాపు 13 వేల డాలర్లు పోగయ్యాయి. నాకు చాలా ఇష్టమైన ఎంపిక ఇది. అక్కడ ఎవరు గొప్ప అనే పంచాయితీ లేదు, పోయినవాడి ఇంటికి ఎవరెవరు వచ్చారన్నదే లెక్క.

ఆ తర్వాత 22 ఏళ్లకు అది పండగైంది. షికాగో ట్రిబ్యూన్ క్రీడా సంపాదకుడు ఆర్చ్ వార్డ్ ఆలోచన. 1933 జులై 6న కొమిస్కీ పార్క్‌లో రెండు పెద్ద లీగుల మేటి జట్లు తలపడ్డాయి. పత్రికల్లో ఓటు చీటీలు అచ్చేసి పాఠకుల చేత ఓట్లు వేయించారు. వచ్చిన జనం 47 వేలకు పైనే. బేబ్ రూత్ హోమ్ రన్ కొట్టాడు. అంతా ప్రజాస్వామ్యమే, ఒక్కటి తప్ప: ఏ నల్లజాతి ఆటగాడి పేరూ అందులో వచ్చే వీల్లేదు. అట్లని ఎక్కడా రాసి లేదు. రాసుకోని ఒప్పందం అది.

రెండు నెలలు దాటాక, సెప్టెంబర్ 10న, అదే మైదానంలో ఇంకో ఆట జరిగింది. ఈస్ట్ వర్సెస్ వెస్ట్. ఆడింది మొత్తం నల్లజాతి ఆటగాళ్లు. ఓటు చీటీలు ఈసారి పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ అనే వాళ్ల పత్రికల్లో వచ్చాయి. జాష్ గిబ్సన్, కూల్ పాపా బెల్, ఆస్కార్ చార్ల్‌స్టన్ అందులో ఉన్నారు. వెస్ట్ 11-7తో గెలిచింది. 1943 నాటికి ఆ ఆటకు 51 వేలకు పైగా జనం వచ్చారు, ఆ ఏడు తెల్లవాళ్ల ఆల్‌స్టార్ ఆటకు వచ్చినవాళ్ల కంటే చాలా ఎక్కువ. 1945 ఆటలో జాకీ రాబిన్సన్ అనే కుర్రాడున్నాడు. రెండేళ్లకు పెద్ద లీగ్ తలుపు తెరుచుకుంది అతనికే.

ఇది చదువుతుంటే చటుక్కున మన 1934 గుర్తొచ్చింది.

మన క్రికెట్ ముచ్చట కాదు నేను చెప్పేది. ఆ రోజుల్లో మన క్రికెట్‌లో ఎంపిక అంటే ఓటూ లేదు, పత్రికా లేదు, సంస్థానాధీశుల దర్బారే. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 1930లో హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటివాళ్లను తన జట్టులో ఆడించుకోవడానికి ఇక్కడికి రప్పించుకున్నాడు. 1936లో ఇంగ్లండ్ పర్యటనకు ఏకంగా కెప్టెన్ అయి మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. ఆయన కింద ఆడినవాళ్లలో సి.కె. నాయుడు ఒకడు! ఇద్దరూ తెలుగువాళ్లే. దీని మీద రాయాలంటే వేరే వ్యాసం కావాలి, నాకు కోపం కూడా ఎక్కువ.

1934 అంటే గోలకొండ కవుల సంచిక. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు సున్నా అని ఒక పండితుడు తేల్చేస్తే, సురవరం ప్రతాపరెడ్డి తన గోలకొండ పత్రిక ద్వారా పిలుపిచ్చి, ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో అచ్చేసిన పుస్తకం. షికాగోలో ఏం జరిగిందో హైదరాబాద్‌లో ఎవరికీ తెలిసి ఉండదు. కానీ జరిగిన పని ఒకటే. మమ్మల్ని మీ జట్టులోకి తీసుకోలేదు గదా, మా పత్రిక మాకుంది, మా జట్టు ఇదిగో.

ఇంతవరకు పోలిక బాగానే ఉంది. మనవాళ్లు ప్రసంగాల్లో ఇక్కడే ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. నాకు మాత్రం తేడానే పట్టుకుంది. ఈస్ట్-వెస్ట్ ఆట ఎంపిక చేసింది. వందల మందిలోంచి కొందరినే దింపింది, మిగతావాళ్లను ఇంటి దగ్గర కూర్చోబెట్టింది. సంచిక అట్లా కాదు, వచ్చినవాళ్లను వచ్చినట్టు చేర్చుకుంది. ఎందుకంటే వాళ్ల మీద పడ్డ నిందలు వేరు. నల్లజాతి ఆటగాళ్లు లేరని ఎవరూ అనలేదు, సమానం కారన్నారు. దానికి జవాబు మేటివాళ్లతోనే చెప్పాలి. మనల్ని అసలు లేరే లేరన్నారు. సున్నాకు జవాబు అంకె. అందుకే సురవరం హాజరు పట్టీ తీశాడు.

హాజరు పట్టీని కవితా సంకలనంలా చదివితే నిరాశే. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మొదటిసారి తెరిచి, రెండు రోజులకు మూసేశాను. దేవుడి స్తోత్రం పక్కన దేశభక్తి, దాని పక్కన హితబోధ, చాలా పద్యాలు ఛందస్సు కుదిరితే చాలన్నట్టు ఉంటాయి. గొప్ప పద్యాలు లేకపోలేదు గానీ వెతుక్కోవాలి. ఆ మాట ఒక సభలో అంటే ముందు వరసలో పెద్దాయన ఒకరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. తెలంగాణ వచ్చి ఇన్నేళ్లయింది. ఆ పుస్తకాన్ని గౌరవిస్తూనే అందులోని పద్యాన్ని పద్యంలా తూచడం మనం ఇంకా మొదలుపెట్టలేదు. ఉనికి కోసం కట్టిన జాబితాను విలువ జాబితాగా మార్చేసుకున్నాం. అక్కడితో ఆగలేదు. ఇవాళ్టి మన సంకలనాలు చాలావరకు అదే పద్ధతి పట్టుకున్నాయి. మనం లేమని ఇప్పుడెవరూ అనడం లేదు, అయినా హాజరు పిలుస్తూనే ఉన్నాం. నూట యాభై మంది కవులు, తలా ఒక పేజీ.

అట్లని నా ఎలెవన్ ఏమన్నా మేలైందా? ఆ పదిమందిని మళ్లీ చూసుకున్నాను. రాయి మీదో తాటాకు మీదో కాగితం మీదో అక్షరంగా మిగిలినవాళ్లే అంతా. ఆదిలాబాద్ అనగానే మనకు గుస్సాడీ గుర్తొస్తుంది. మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం పోస్టులు పెట్టాం. కానీ గోండుల ఇతిహాసాలను కిక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతున్న ప్రధానుల పేరు ఒక్కటి చెప్పమంటే నాకు రాలేదు. హైమన్‌డార్ఫ్ 1940లలోనే మార్లవాయిలో ఉండి వాళ్ల గురించి రాసిపెట్టాడు. అయినా అక్కడ నాకు ఒక సాకుంది. వాళ్లు పాడేది తెలుగు కాదు, నా జాబితా తెలుగుది.

హన్మాజీపేట దగ్గర ఆ సాకు కూడా లేదు.

వేములవాడ పక్కన ఆ ఊరు సినారెది అని అందరికీ తెలుసు. జ్ఞానపీఠం, విశ్వంభర, సినిమా పాటలు, అన్నీ తెలుసు. ఒగ్గు కథ మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒకే ఊరు, ఒకే తెలుగు. చిన్నప్పుడు హరికథలూ జంగం కథలూ జానపదాలూ వినే తాను కవినయ్యానన్నది సినారె జీవితం గురించి ఎవరు రాసినా మొదటి పేజీలోనే వచ్చే సంగతి. ఆ వినిపించే కళలో రాములు శిఖరం. మరి విన్నవాడు జట్టులో మూడో నంబరు, వినిపించేవాడు ప్రేక్షకుల్లో కూడా లేడేంది?

మా అమ్మమ్మ ఊళ్లో చూసిన ఒగ్గు కథ ఒకటి గుర్తుంది. రాములుది కాదు, ఏదో చుట్టుపక్కల బృందం. ఎల్లమ్మ కథ. రాత్రి తొమ్మిదింటికి మొదలైంది, నేను రెండుసార్లు నిద్రపోయి లేచినా ఎల్లమ్మ ఇంకా అడవిలోనే ఉంది. మధ్యలో కథకుడు ఆపి, ముందు కూర్చున్న ఒక ముసలమ్మ పేరు తీసుకొచ్చి కథలో పెట్టాడు. ఆమె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అదే గొంతు ఏడుపులోకి ఎట్లా మళ్లిందో నాకు తెలియలేదు, ముసలమ్మ కూడా ఏడుస్తున్నది. ఇంత నిర్మాణం, ఇంత అదుపు ఉన్న నవల మనకు ఎన్ని ఉన్నాయి?

పదకొండో పేరు రాసి పంపించాను. సాయంత్రానికి ఫోన్.

"ఆయన కవి కాదు గదన్నా. కథ చెప్పేటాయన."

"పద్యం చదివేటాయన కవి అయితే ఈయన ఎందుకు కాదు?"

"అది సరే. ఒక్కొక్కళ్ల పేరు కింద ఒక పేజీ వాళ్ల రచన వేస్తున్నం. ఈయన కింద ఏం వెయ్యాలె? పుస్తకం ఏది?"

వారం గడువు అడిగాను. దొరికిన రికార్డింగు ఒకటి పెట్టుకుని రాత్రిళ్లు విని రాస్తున్నాను. గంటసేపటి కథకు ఇప్పటికి నాలుగు పేజీలొచ్చాయి. డోలు ఒక్కటే మోగే చోట కాగితం మీద ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.