రక్తసంబంధం, పాస్‌వర్డ్: ట్వంటీత్రీ అండ్ మీ ఉదంతం

2023 అక్టోబరులో ట్వంటీత్రీ అండ్ మీ అనే జన్యుపరీక్షల సంస్థ తన ఖాతాదారుల సమాచారం పరులపాలైందని ప్రకటించింది. దొంగలు ఆ సంస్థ గోడలేమీ బద్దలుకొట్టలేదు. ఇతర వెబ్‌సైట్లనుంచి ఇదివరకే బయటపడిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటలను తెచ్చి, ఇక్కడ ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూశారు. రెండుచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడినవారి ఖాతాలు తెరుచుకున్నాయి. అలా తెరుచుకున్నవి సుమారు 14,000. సమాచారం పోగొట్టుకున్నవారు మాత్రం 69 లక్షలమంది!

ఈ రెండు అంకెల మధ్య అంతరానికి కారణం సంస్థ కల్పించిన ఒక సౌకర్యం. డీఎన్‌ఏ ఆధారంగా దూరపు చుట్టాలను వెతుక్కోవచ్చు. అందులో చేరినవారి పేరు, బంధుత్వపు దూరం వంటి వివరాలు ఆ చుట్టాలందరికీ కనిపిస్తాయి. ఒక్క ఖాతాలో జొరబడినవాడికి ఆ బంధువర్గం చిట్టా అంతా దొరికినట్టే.

బాధితుల న్యాయవాదులకు సంస్థ తరఫువారు రాసిన లేఖ, పాత పాస్‌వర్డ్‌లనే మళ్ళీ వాడిన ఖాతాదారులదే తప్పని వాదించింది. ఆ 14,000 మంది విషయంలో ఇది సగం నిజం. మిగిలిన 68 లక్షల పైచిలుకు మంది చేసిన నేరమేమిటి? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగిన చొరబాటును సంస్థ పసిగట్టలేదు. రెండంచెల ధ్రువీకరణను అందరికీ తప్పనిసరి చేసింది కూడా దొంగతనం బయటపడ్డాకే. వార్డులో అంటువ్యాధి ప్రబలాక, చేతులు కడుక్కోలేదని రోగులను నిందించే ఆసుపత్రిని ఎవరూ క్షమించరు.

దొంగిలించిన సమాచారాన్ని అష్కెనాజీ యూదులు, చైనా మూలాలున్నవారు అంటూ విడివిడి జాబితాలుగా బజారున పెట్టడం మరింత కలవరపరిచే విషయం. తెలుగువారు దీన్ని పరాయి గొడవగా భావించడానికి వీల్లేదు. కులం లోపలే, తరచు మేనరికంగా, తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగిన సమాజం మనది. వైశ్యులలో సూడోకోలినెస్టరేజ్ లోపం ఎక్కువని, సక్సినైల్‌కోలిన్ ఇస్తే అటువంటివారి శ్వాసకండరాలు చాలాసేపు తేరుకోవని మత్తువైద్యులకు తెలుసు. ఆపరేషన్ బల్ల దగ్గర ఆ ఎరుక ప్రాణం నిలుపుతుంది. బీమా కంపెనీ బల్ల దగ్గర దానికి మరో ఉపయోగం ఉంటుంది. అమెరికాలో 2008 నాటి జన్యువివక్షా నిషేధ చట్టం ఆరోగ్యబీమాకూ ఉద్యోగాలకూ వర్తిస్తుంది, జీవితబీమాకు వర్తించదు. వైద్యుడి దగ్గరి రికార్డులను కాపాడే హిపా చట్టం, వినియోగదారుకే నేరుగా పరీక్షలు అమ్మే ఇటువంటి కంపెనీలకు సాధారణంగా వర్తించదు. ఉమ్మి నింపిన గొట్టాన్ని తపాలాలో వేసేవారిలో ఎందరికి ఈ తేడా తెలుసు?

2025 మార్చిలో సంస్థ దివాలా పిటిషను వేసింది. సుమారు కోటిన్నర మంది జన్యు సమాచారం వేలానికి వచ్చిన ఆస్తుల్లో ఒకటైంది. చివరికి సంస్థ సహవ్యవస్థాపకురాలు ఆన్ వొజిస్కీ నడిపే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని 30.5 కోట్ల డాలర్లకు కొన్నది. అంతకుముందే కాలిఫోర్నియా అటార్నీ జనరల్, సమాచారాన్ని తొలగించమని, నిల్వ ఉంచిన నమూనాను నాశనం చేయమని కోరే హక్కు ఖాతాదారులకు ఉందని గుర్తుచేశారు. ఆ హక్కు వాడుకోవలసిందే. అయితే పూర్తయిన పరిశోధనలలో కలిసిన సమాచారం వెనక్కి రాదు. ఖాతా తుడిచేసిన అక్క తమ్ముడు అదే సంస్థలో ఖాతాదారుగా కొనసాగితే, ఆమె జన్యువులలో సగటున సగం అక్కడే ఉంటాయి.