మేత సంచిలోని ఫాస్ఫరస్

ఏ మందూ ఇవ్వకుండా, మేత మాత్రమే పెట్టి పెంచిన ఎలుక కిడ్నీలో సున్నం కనిపిస్తే నాకు ముందు అనుమానం వచ్చేది మేత సంచి మీదే. ఆ అనుమానానికి చరిత్ర ఉంది.

ప్రయోగాలన్నిటికీ ఒకే మేత ఉంటే ఫలితాలు పోల్చుకోవచ్చని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ 1977లో ఏఐఎన్-76 ఫార్ములా ప్రకటించింది. మంచి ఆలోచనే. కానీ అది తిన్న ఆడ ఎలుకల కిడ్నీల్లో, పై పొర లోపలి పొరతో కలిసేచోట, కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంది. మగవాటిలో అంతగా లేదు. ఖనిజ మిశ్రమంలో కాల్షియం ఫాస్ఫేట్ రూపంలో ఫాస్ఫరస్ ఎలాగూ ఉంది. ప్రొటీన్ కోసం కలిపిన కేసీన్‌లోనూ ఉంది. రెండూ కలిసేసరికి, మోల్ లెక్కన కాల్షియం ఫాస్ఫరస్‌లో ముప్పావు వంతుకు పడిపోయింది. అక్కరకు మించిన ఫాస్ఫరస్ మూత్రంలోకి పోతూ సన్నని నాళికల్లో కాల్షియంతో కలిసి గట్టిపడింది. మెగ్నీషియం తక్కువైతే ఇది ముదురుతుంది, పెంచితే బాగా తగ్గుతుంది.

విటమిన్ల దారి వేరు. డి మితిమీరితే రక్తంలోనే కాల్షియం పెరిగి కిడ్నీతోపాటు రక్తనాళాలూ గట్టిపడతాయి. బి6 కరువైతే పేరుకునేది ఆక్సలేట్. అందుకే సున్నం ఉందని రాసి ఊరుకుంటే చాలదు, అది ఏ లవణమో తేల్చాలి.

1993లో ఫార్ములా మార్చారు. కాల్షియం ఫాస్ఫేట్ తీసేసి కాల్షియం కార్బొనేట్ వేశారు. ఏఐఎన్-93జీ అనే ఆ కొత్త ఫార్ములాలో కాల్షియం–ఫాస్ఫరస్ మోల్ నిష్పత్తి 1.3కి చేరింది, ఆడ ఎలుకల బాధ చాలావరకు తీరింది. కానీ ఆ మధ్య పదహారేళ్లలో పాత మేత తిన్న ఆడ ఎలుకలపై కిడ్నీ గురించి రాసిన ప్రతి మాటనూ నేను రెండుసార్లు చదువుతాను.

ఫాస్ఫరస్ కొలతకు నాకు ఇష్టమైనది ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించినది. అందులో వచ్చే నీలం రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇంత తేలిక పరీక్ష చేతిలో ఉండగా సంచి మీద అచ్చేసిన అంకెను నమ్మి ఊరుకోవడం నాకు మింగుడుపడదు. మన ప్రశ్న కోసం ప్రాణమిచ్చే జీవి ఎలుక. దాని కిడ్నీని మన మేతే చెడగొడితే ఆ ప్రాణం వృథా అయినట్టే.

ఆడ ఎలుకలతో పని మొదలుపెట్టే విద్యార్థులను నేను కోరేది ఇదే: కొత్త మేత వచ్చిన ప్రతిసారీ కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం కొలవండి, ఆ మూడు అంకెలనూ పరిశోధన పత్రంలో అచ్చు వేయించండి.