అద్భుత కల్పన - అభిరుచుల అంతస్తులు

అద్భుత కల్పనను ఆదరించే పాఠకులలో అభిరుచి భేదం సహజం. ఆ భేదాన్ని ఆధిక్యంగా పరిగణించినప్పుడే విమర్శకు సమస్య ఏర్పడుతుంది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకంలో యథార్థంగా జరుగుతుంది, పసిబిడ్డ మధురలాలస పూర్వజన్మ వృత్తాంతాన్ని వివరిస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారం’లో ఈ కావ్యాన్ని విస్తృతంగా చర్చించారు. 1947లో ఆరంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలకు అంతటి పరిశీలన దక్కలేదు. పత్రికలో వాటికి రచయిత పేరు సైతం ఉండేది కాదు.

మాంత్రికులు, వింతజీవులు ఉన్నంత మాత్రాన వీటిని బాలల కాలక్షేపంగా తీర్మానించడం సమంజసం కాదు. అద్భుతమే లోపమైతే అది సూరనకూ వర్తించాలి. వర్తించడం లేదంటే, ఇక్కడ కొలమానం కల్పన కాదు. ఛందస్సు, ప్రాచీనత, పాఠకుని వయస్సు.

ఈ రచనలు సమానమని దీని అర్థం కాదు. సూరన కథను ముడివేసి, గతంలోకి నడిపి, క్రమంగా విప్పుతాడు. పాఠకుని జ్ఞాపకాన్ని పరీక్షిస్తాడు. నెలనెలా వెలువడే ధారావాహిక పాఠకుని నిరీక్షణపై ఆధారపడుతుంది. అందులో కథాగమనం వేగవంతం. పాత్రల అంతరంగ చిత్రణ స్వల్పం. ఈ గుణదోషాలను రచనను చదివి నిర్ణయించాలి గాని, దాని పాఠకులను చూసి కాదు. ప్రబంధం పండితుల సొత్తని తోసిపుచ్చే జనప్రియ సాహిత్యాభిమానికీ ఇదే నియమం వర్తిస్తుంది. లేనిపక్షంలో తెలుగు కథనకళలో ఒక పాయ పరిశోధనకు, మరొక పాయ పాఠకులకు దూరమవుతాయి.