‘వీ’ అంటే మేమా, మనమా?

ఆదిలాబాద్‌లో ఎనిమిదో తరగతి. పుష్యమాసం, కేస్లాపూర్‌లో నాగోబా జాతర రోజులు. బోర్డు మీద ‘వీ ఆర్ గోయింగ్ టు కేస్లాపూర్’ అని రాశాను. వెనక బెంచీ పిల్ల లేచి, “సార్, ఈ ‘వీ’ల మీరున్నరా, లేరా?” అంది.

తెలుగులో ఆ పేచీ లేదు. ‘మేం పోతున్నం’ అంటే సారు బడిలోనే. ‘మనం పోతున్నం’ అంటే సారుకూ బస్సులో సీటుంది. మరాఠీ పిల్లాడు అందుకున్నాడు: వాళ్లింట్లోనూ రెండున్నాయి, ‘ఆమ్హీ’, ‘ఆపణ్’. ఉర్దూ మాట్లాడే అమ్మాయి మాత్రం “మాకు ‘హమ్’ ఒక్కటే సార్, ఇంగ్లీషు లెక్కనే” అని మురిసిపోయింది.

మర్నాడు ‘ఆన్ ది టేబుల్’. బల్ల మీద, మేజ్ పర్, టేబలావర్. మూడు భాషల్లోనూ ‘మీద’ వెనకే వస్తుంది. “ఇంగ్లీషోళ్లు ముందుగాలనే చెప్తరు సార్” అని పిల్లలే తేల్చారు. ప్రిపోజిషన్ అన్న పేరు ఆ తర్వాతే చెప్పాను.

నేను చదివిన బడిలో ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట దొర్లితే జరిమానా. తప్పించుకునే దారి ఒక్కటే, నోరు మెదపకపోవడం. పదో తరగతి దాకా నేను పైసా కట్టలేదు.

ఇంగ్లీషులో చదివిన పాఠాన్ని వెల్ష్‌లో చెప్పించడం, రాయించడం వేల్స్ బడుల్లో ఉంది. దానికి వెల్ష్ విద్యావేత్త కెన్ విలియమ్స్ 1994లో వెల్ష్‌లోనే పేరు పెట్టాడు. ఇంగ్లీషులో అది ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అయింది. నేను చేసేది అంత పెద్దదేం కాదు. కథ గురించి గుంపుల్లో ఎవరి భాషలో వాళ్లు వాదించుకోవాలి. తేలిన సంగతి మాత్రం ఇంగ్లీషులో నిలబడి చెప్పాలి. ఈ రెండోది వదిలేసి, పాఠమంతా తెలుగులో అప్పజెప్పి బెల్లు కొట్టించుకుంటే అది గైడు చదవడమే.

2022-23లో మన సర్కారు బడుల్లో 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు, పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు వేశారు. మంచి పనే. కానీ ఇంట్లో గోండియో, మరాఠీయో మాట్లాడే పిల్లకు ఆ పక్క పేజీ కూడా ఇంటి భాష కాదు. ఆ లోటు పూడ్చాల్సింది తరగతిలో మనమే.

తోటి టీచర్లకు ఒక్క మనవి. రేపు పాఠంలో “దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?” అని అడగండి. జవాబు మీకు అర్థం కాకపోతే పక్క బెంచీవాళ్లు చెబుతారు.