బంధించినవాడు మారే కథ: సోమదేవసూరి పనితనం

వేములవాడ చాళుక్యులనగానే పంపకవి గుర్తొస్తాడు. కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలు గుర్తొస్తాయి. అదే శతాబ్దంలో, అదే రాజుల నీడలో పుట్టిన మరో పెద్ద కావ్యం మాత్రం మన మాటల్లోకి అరుదుగా వస్తుంది. అది సోమదేవసూరి సంస్కృతంలో రాసిన యశస్తిలక చంపువు. అరికేసరి కొడుకు వాగరాజు ఏలుబడిలో, శక సంవత్సరం 881లో, అంటే క్రీ.శ. 959లో, గంగాధరలో పూర్తయింది. అది నేటి కరీంనగర్ జిల్లా గంగాధరేనని తెలుగు చరిత్రకారులు చెబుతారు. ఏడేళ్లకు, 966లో, లేంబులపాటకలోని శుభధామ జినాలయం కోసం మూడో అరికేసరి సోమదేవుడికి ఒక ఊరు దానమిచ్చినట్టు పర్భణి శాసనం చెబుతోంది. ఆ లేంబులపాటకే మన వేములవాడ.

యశస్తిలకం కథ బలికి పట్టి తెచ్చిన జీవాల మధ్య మొదలవుతుంది. చెరబడ్డ జీవాల మీద జాలి పుట్టించడం కవికి పెద్ద కష్టం కాదు. కళ్లలో నీళ్లు పెట్టిస్తే సరిపోతుంది. సోమదేవుడు ఆ తేలిక దారి పట్టలేదు. బంధించిన రాజునే శ్రోతగా కూర్చోబెట్టి, బలికి తెచ్చినవాళ్ల చేత కథ చెప్పించాడు.

యౌధేయ దేశంలో రాజపురం, దాని రాజు మారిదత్తుడు. చండమారి దేవతకు సకల జీవుల జంటలను బలి ఇస్తే విద్యాధరులను గెలిచే ఖడ్గం దక్కుతుందని వీరభైరవుడనే కౌలాచార్యుడు అతణ్ని నమ్మిస్తాడు. రాజు ఆజ్ఞతో గుడి నిండిపోతుంది. నేల మీద తిరిగేవి, నీళ్లలో ఈదేవి, గాలిలో ఎగిరేవి అన్నీ జంటలు జంటలుగా వచ్చి పడతాయి. ఏనుగుకు కావలసింది అడవి, మొసలికి మడుగు, హంసకు కొలను. ఎవరి స్వేచ్ఛ వారిది, ఒకదానితో ఒకదానికి పోలిక లేదు. చెర మాత్రం అందరికీ ఒక్కటే. ఇంత పెద్ద జాబితా ఇక్కడ వర్ణన కోసం వర్ణనగా మిగలదు. రాజు ఆశ ఎంత దూరం పాకిందో అది కొలిచి చూపిస్తుంది. ఆ జాబితాలో ఇంకా ఒక్క జంటే కావాలి. రాజు తన చేత్తో నరకడానికి సర్వలక్షణాలూ ఉన్న ఒక మగపిల్లవాడు, ఒక ఆడపిల్ల. పశువుల వరుస ఎక్కడా తెగకుండా మనుషుల దాకా వచ్చేస్తుంది. పశువును కట్టిన తాడే మనిషినీ కడుతుందని కవి వేరే వాక్యం రాయనక్కర్లేకపోయింది.

భటులు పట్టుకొచ్చిన కవలలు అభయరుచి, అభయమతి. బెదరకుండా నిలబడ్డ ఆ పిల్లలను చూసి రాజు చెయ్యి ఆగుతుంది. ఎవరు మీరని అడుగుతాడు. అప్పుడు బయటికొస్తుంది అసలు కథ. వెనకటి ఒక జన్మలో అభయరుచి ఉజ్జయిని రాజు యశోధరుడు, అభయమతి అతని తల్లి చంద్రమతి. తల్లి పోరు పడలేక యశోధరుడు ప్రాణమున్న కోడికి బదులు పిండితో చేసిన కోడిని బలిచ్చాడు. తర్వాత భార్య అమృతమతి పెట్టిన విషంతో తల్లీకొడుకులిద్దరూ పోయారు. అక్కడి నుంచి జన్మ తర్వాత జన్మ జంతువులుగానే.

మొదటి జన్మ ఒక్కటి చాలు, సోమదేవుడి పనితనం తెలుసుకోవడానికి. కొడుకు నెమలిగా పుట్టాడు, తల్లి కుక్కగా పుట్టింది. ఇద్దరూ చేరింది తమ రాజభవనానికే, ఇప్పుడు అక్కడ ఏలుతున్నది యశోధరుడి కొడుకు యశోమతి. ఏలిన ఇంట్లోనే పెంపుడు జీవాలయ్యారు. చివరికి కుక్క నెమలిని చంపుతుంది, పాచికలాడుతున్న యశోమతి చేతిలోని పలక విసిరి కుక్కను చంపుతాడు. తల్లి చేతిలో కొడుకు, మనవడి చేతిలో నాయనమ్మ. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టరు. ఆ జంతు జన్మల్లో ఆఖరుది కోళ్ల జన్మ. శబ్దాన్ని బట్టి యశోమతి వేసిన బాణానికి రెండూ పోతాయి. పిండి కోడితో మొదలైన తప్పు ప్రాణమున్న కోళ్ల దగ్గరికొచ్చి తేలింది. ఈ కొలత తప్పని కట్టుబడే నాకు అన్నిటికన్నా నచ్చేది.

యశోధరుడి కథ సోమదేవుడి సొంతం కాదు. ఎనిమిదో శతాబ్దంలోనే హరిభద్రసూరి ప్రాకృతంలో సమరాదిత్య కథలో చెప్పాడు. అందులో మారిదత్తుడి ఘట్టం లేదు. ఆ ఘట్టంతోనే యశస్తిలకం బలం పెరిగింది. అది లేకపోతే ఇది కర్మఫలాల వృత్తాంతం. అది ఉంది కాబట్టి ప్రతి జన్మ కథా కత్తి పట్టుకున్నవాడి చెవిన పడుతుంది. గుడిలో కట్టేసిన నెమలి ఎవరో, కోడి ఎవరో అన్న అనుమానం మారిదత్తుడిలో మొలుస్తుంది. పాఠకుడూ ఆ గుడిలోకి మళ్లీ చూస్తాడు, ఈసారి చూపు వేరు.

ఇదంతా రాసినవాడు అమాయక సన్యాసి కాదు. నీతివాక్యామృతమనే రాజనీతి గ్రంథం కూడా ఆయనదే. ఏనుగు రాజుకు బలమన్న రోజులవి. వేములవాడ చాళుక్య వంశపు యుద్ధమల్లుడు బోధన్‌లో నూనె నింపిన బావుల్లో ఐదువందల ఏనుగులకు స్నానం చేయించాడని పంపడు గొప్పగా చెప్పాడు. సోమదేవుడూ యశస్తిలకంలో రాజు ఏనుగులను, వాటి శిక్షణను మెచ్చుకుంటూనే వర్ణించాడు. బలిపీఠం దగ్గర తప్పనిపించిన చెర గజశాలలో ఆయనకు అలా అనిపించలేదు. కావ్యంలో కనిపించే పెద్ద వెలితి ఇదే.

అయినా పట్టుకోవలసిన చోట గట్టిగా పట్టుకున్నాడు. తాళ్లు తెంపే వీరుణ్ని, ఆకాశం నుంచి దిగే దేవుణ్ని ఆయన పిలవలేదు. కథ వినీ వినీ మారిదత్తుడు హింస వదిలి, సుదత్తుడనే ముని శిష్యుడవుతాడు. చెర విడవాలంటే ముందు బంధించినవాడి మనసు మారాలన్నది సోమదేవుడి లెక్క. ఆ మార్పును ఉపదేశానికి వదలకుండా కథ చేతే చేయించాడు, అందుకే వెయ్యేళ్లు దాటినా ఈ కట్టడం సడలలేదు.